రెండు పొయ్యిలు, ఒకే చేను: ఆ ఇంటిని ఏ గడిలో వెయ్యాలి?

ప్రశ్న, కుదించి: బీఏ చివరి సంవత్సరం సోషియాలజీ ప్రాజెక్టు కోసం ఈ అబ్బాయి కోనసీమలో రాజోలు వైపు తన ఊళ్ళో 50 ఇళ్ళు తిరిగారట. పాఠంలో చెప్పిన రెండు గడులు, ఉమ్మడి కుటుంబం, వ్యష్టి కుటుంబం (దంపతులు, వాళ్ళ పెళ్ళికాని పిల్లలు మాత్రమే ఉండేది), గీసుకుని వెళ్తే 19 ఇళ్ళు ఎందులోనూ ఇమడలేదు. వాటిలో మూడు ఇళ్ళ సంగతి రాశారు. ఒకటి: కింద అన్న, పైన తమ్ముడు, రెండు గ్యాస్ స్టవ్వులు, కానీ చేను ఒకటే, అదింకా తల్లి పేరు మీదే ఉంది. రెండు: తల్లి కువైట్‌లో, తండ్రి భీమవరం అవతల రొయ్యల చెరువు కాపలాలో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. మూడు: ఇద్దరు ముసలి అక్కచెల్లెళ్ళు, వాళ్ళే ఆ ఇల్లంతా. "వీటన్నిటినీ 'ఇతరములు'లో పడేస్తే నా ప్రాజెక్టులో సగం ఇతరములే అవుతుంది మేడం, ఏం చెయ్యమంటారు?" అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తానండి. (మా వైపు మనవడి వయసు వాళ్ళకి కూడా 'అండి' తగిలిస్తాం, ఇబ్బంది పడకండి.) ఆ 19 ఇళ్ళలో తప్పేమీ లేదు, మీ రెండు గడులే చాలవు. మీరు ఇంటినీ కుటుంబాన్నీ ఒకే ప్రశ్నతో కొలవబోయారు. ఇల్లంటే ఒక పొయ్యి మీద వండింది తింటూ కలిసి బతికేవాళ్ళు. కుటుంబమంటే రక్తం, పెళ్ళి, ఆస్తి, బాధ్యత. అది గోడ దాటుతుంది, గోదావరి దాటుతుంది, సముద్రం కూడా దాటుతుంది. అందుకని ఒక్కో ఇంటికి రెండు జవాబులు రాసుకోండి: పొయ్యి లెక్క ఒకటి, సంబంధాల లెక్క ఒకటి. మీ అన్నదమ్ములది పొయ్యి లెక్కలో రెండిళ్ళు, చేను లెక్కలో ఒకటే. అలాగే రాయండి. రెండు లెక్కలూ ఎక్కడ కలవలేదో అక్కడే మీ ప్రాజెక్టులో చెప్పుకోదగ్గ సంగతి ఉంది.

ఇది నా సొంత తెలివేమీ కాదు. ఉమ్మడి కుటుంబానికి ఆంత్రోపాలజిస్టు (మానవశాస్త్రవేత్త) ఇరావతి కర్వే ఇచ్చిన నిర్వచనం మీ పాఠంలో ఉండే ఉంటుంది: ఒకే కప్పు కింద ఉండడం, ఒకే పొయ్యి మీద వండింది తినడం, ఆస్తి ఉమ్మడిగా ఉండడం, పూజలు కలిసి చేసుకోవడం, ఒకరికొకరు బంధువులై ఉండడం. చిక్కు ఎక్కడొస్తుందంటే ఇవన్నీ ఒకేసారి వచ్చి ఒకేసారి పోయేవి కావు. మా గోదావరి డెల్టాలో నేను చూసినంతవరకు మొదట విడిపోయేది పొయ్యి. తర్వాత కప్పు. ఆస్తి పంపకాలు ఎప్పుడో ఏళ్ళ తర్వాత. ఇక పురుడు, మైల అయితే దాదాపు విడిపోనే విడిపోవు. పొయ్యి వేరై ముప్పై ఏళ్ళయినా పాలివాళ్ళలో (తండ్రి తరఫు దాయాదుల్లో) ఒకరు పోతే హైదరాబాదులో ఉన్నవాడు కూడా ఆ పది రోజులూ గుడికి వెళ్ళడు.

సోషియాలజిస్టుల్లో ఎ.ఎం. షా అయితే ఇల్లు, కుటుంబం అనే రెండు మాటల్ని కలగాపులగం చెయ్యొద్దని పట్టుబట్టారు. ఇంకో సోషియాలజిస్టు ఐ.పి. దేశాయ్ గుజరాత్‌లోని మహువా అనే ఊళ్ళో సర్వే చేసి, వేరు వేరు ఇళ్ళలో ఉంటూ కూడా ఆస్తి, ఖర్చు, బాధ్యతల్లో ఉమ్మడిగా ఉన్నవాళ్ళని చూపించారు. ఉమ్మడితనం ఉందా లేదా అని కాదు, ఎంత ఉంది అని అడగాలన్నది ఆయన మాట. వైవాలో (నోటి పరీక్షలో) ఎవరైనా నిలదీస్తే ఈ రెండు పేర్లు చెప్పండి, చాలు.

మన జనగణన కూడా పొయ్యినే పట్టుకుంటుంది. మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింటి తిండి తినేవాళ్ళు ఒక ఇల్లు. బంధుత్వం ఉండాలని లేదు. ఇంట్లోనే ఉండి అక్కడే తినే పనిమనిషి కూడా ఆ ఇంటి లెక్కలోకే వస్తుంది. హాస్టళ్ళు, ఆశ్రమాలు, వృద్ధాశ్రమాలను సంస్థాగత గృహాలని విడిగా రాస్తారు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ పొయ్యి గోల ఎందుకో అర్థం కాదు. ముప్పై ఏళ్ళు ఇదే సబ్జెక్టు చెప్పి రిటైరయ్యాను. కానీ పాఠాల కన్నా ఎక్కువ నేర్పింది 1991, 2001, 2011 జనగణనల డ్యూటీ. నాతోటి మగ మాస్టార్లు అరుగు మీద కుర్చీ వేయించుకుని ఇంటి పెద్దాయన చెప్పింది రాసుకునేవారు. నన్ను మాత్రం "ఎండనపడి వచ్చారు, లోపలికి రండమ్మా, మజ్జిగ పుచ్చుకోండి" అని వంటింటి దాకా తీసుకెళ్ళేవారు. అక్కడ పొయ్యిలు లెక్కపెడితే అరుగు మీద చెప్పిన లెక్క తప్పని తేలిపోయేది.

ఇంకెవరి ఇల్లో ఎందుకు, మాదే చెప్తాను. అమలాపురం దగ్గర పల్లెలో మా అత్తగారిది మండువా లోగిలి. 1982లో నేను మూడో కోడలిగా అడుగు పెట్టేనాటికి పదిహేను మందిమి, పొయ్యి ఒకటే. పొద్దున్నే నాలుగింటికి లేచి ముగ్గురు తోటికోడళ్ళం పని మొదలుపెడితే మగవాళ్ళ భోజనాలయ్యాక, పిల్లలయ్యాక, మధ్యాహ్నం రెండున్నరకి మా వంతు. అలా ఆరేడేళ్ళు. తర్వాత పెద్దక్క పిల్లల స్కూలు టైము వేరు, నా కాలేజీ టైము వేరు, రెండో అక్కకి ఒంట్లో బాగుండక పథ్యం వేరు. ఎవరూ ఎవరితోనూ మాట అనుకోకుండానే వెనక వసారాలో ఒక కిరసనాయిలు స్టవ్వు వెలిగింది. ఏడాదికి మా గది పక్కన ఇంకోటి.

1991 ఫిబ్రవరిలో మా ఇంటికి జనగణన వాళ్ళొచ్చారు. మా మామగారు అరుగు మీదే కూర్చోబెట్టి, "మాది ఉమ్మడి కుటుంబం అండి" అని అందరి పేర్లూ వరసగా చెప్పి ఒకే ఇల్లుగా రాయించారు. లోపల అప్పటికి మూడు పొయ్యిలు. ఆయనకి తెలియదని కాదు. 'ఫలానా వాళ్ళు వేరు కుంపటి పెట్టారు' అన్న మాట తన నోటితో చెప్పడం ఇష్టం లేదంతే. నేనా సమయానికి పక్క ఊళ్ళో ఇంకొకరి వంటింట్లో పొయ్యిలు లెక్కపెడుతున్నాను!

1996 నవంబరు తుఫాను మీరు పుట్టకముందు సంగతి. కోనసీమ కొబ్బరి తోటలు నేలకరిచాయి. మా లోగిలి పెంకు సగానికి పైగా ఎగిరిపోయింది. ఆ కర్ర, ఆ పెంకు మళ్ళీ నిలబెట్టే ఖర్చుతో మూడు చిన్న శ్లాబు ఇళ్ళు లేస్తాయని మేస్త్రి లెక్క కట్టి చెప్పాడు. అలా కప్పు వేరైంది. ఊళ్ళో మాత్రం కోడళ్ళు విడగొట్టారనే చెప్పుకున్నారు లెండి.

2001 నాటికి మామగారు లేరు. అత్తగారు వంతుల మీద ఉండేవారు, ఒక్కో కొడుకు దగ్గర నాలుగు నెలలు. జనగణన ఫిబ్రవరిలో జరిగింది కాబట్టి మా ఇంట్లో లెక్కకొచ్చారు, జూన్‌లో జరిగి ఉంటే పెద్దబావగారింట్లో. 2011కి ఆవిడ వంతులు మానేశారు. పాత లోగిలిలో బాగున్న భాగంలో, భర్త పోయిన తన చెల్లెల్ని తెచ్చుకుని ఉండిపోయారు. అచ్చం మీ మూడో ఇల్లే. అయినా 2008 దాకా చేను పంచుకోలేదు. దింపు దింపుకీ కొబ్బరి డబ్బు పెద్దబావగారి చేతికి వచ్చేది, ఆయన మూడు వాటాలు వేసేవారు.

ఒకే ఇల్లు. ఇరవై తొమ్మిదేళ్ళలో మీ పాఠంలోని రకాలన్నీ తిరిగొచ్చింది, పాఠంలో లేనివి కూడా. మీరు రకం అనుకుంటున్నది చాలా ఇళ్ళ విషయంలో ఒక దశ. మేయర్ ఫోర్టెస్ వంటి ఆంత్రోపాలజిస్టులు దీన్నే ఇంటి పరిణామ చక్రం అన్నారు. మీరు ఒక్కరోజు వెళ్ళి తీసింది ఫోటో మాత్రమే. కాబట్టి ప్రతి ఇంట్లో ఇంకో ప్రశ్న కలపండి: అయిదేళ్ళ కిందట ఈ పొయ్యి దగ్గర ఎవరెవరు తినేవారు? యాభై ఇళ్ళకీ ఇది అడిగితే మీ పట్టిక రెట్టింపు విలువైనదవుతుంది.

ఇక్కడ ఒక అపోహ గురించి. ప్రాజెక్టు ముందుమాటలో "పూర్వం అందరూ ఉమ్మడి కుటుంబాల్లో ఉండేవారు, ఆధునికత వల్ల విచ్ఛిన్నమయ్యాయి" అని రాయకండి. మా విద్యార్థులు నూటికి తొంభై మంది ఈ వాక్యంతోనే మొదలుపెట్టేవారు. గుజరాత్‌లో ఒక గ్రామపు 1825 నాటి ఇళ్ళ లెక్క దొరికితే షా దాన్ని పరిశీలించారు. అందులోనూ చిన్న కాపురాలే ఎక్కువ. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. మనవలు పుట్టేదాకా తాతలు బతికితేనే కదా మూడు తరాల ఇల్లు. అదీగాక ఉమ్మడిగా ఉంచుకోవడానికి ఏదైనా ఉండాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు పారాక ఈ డెల్టాలో పల్లపు భూమికి విలువొచ్చింది. ఆ భూమి ఉన్న ఇళ్ళకి దాన్ని ముక్కలు కాకుండా చూసుకోవడంలో లాభం ఉంది. కూలి మీద బతికే పేటల్లో నేను తిరిగినప్పుడు, పెళ్ళయిన ఏడాదికే కొడుకు పక్కన పాక వేసుకోవడం మామూలు సంగతి. ఎవరూ దాన్ని విచ్ఛిన్నం అనలేదు. ఎవరి కూలి వాళ్ళకొస్తున్నప్పుడు ఎవరి కుండ వాళ్ళది. కాబట్టి మీ 50 ఇళ్ళలో ఎన్ని భూమి ఉన్నవి, ఎన్ని లేనివి అన్నది విడగొట్టి చూడండి. తేడా కళ్ళకి కడుతుంది.

ఇప్పుడైతే ఇంకో లెక్క అడ్డొస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లలు 1.7. అంటే చాలా ఇళ్ళలో ఇద్దరు అన్నదమ్ములే ఉండరు. అన్నదమ్ములే లేనప్పుడు అన్నదమ్ముల ఉమ్మడి ఎక్కడి నుంచి వస్తుంది? ప్రేమలు తగ్గాయా పెరిగాయా అన్నది తర్వాత మాట. 2011 జనగణనలోనే ఇంటికి సగటున దేశం మొత్తం మీద దాదాపు 5 మంది ఉంటే అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 4 మందే.

మీ రెండో ఇల్లు దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

కోనసీమలో, అటు నరసాపురం వైపు, ఇంటిపనికి కువైట్, ఖతర్, ఒమన్ వెళ్ళిన ఆడవాళ్ళు లేని ఊరు వెతుక్కోవాలి. పాఠ్యపుస్తకం ఊహించుకున్న వలసలో మగవాడు వెళ్తాడు, ఆడది ఇల్లు చూసుకుంటుంది. ఇక్కడ తిరగబడింది. జనగణన నియమం ప్రకారం లెక్క జరిగే రోజులన్నీ బయటే ఉన్న మనిషిని ఆ ఇంట్లో రాయరు. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తిరిగాం. కువైట్‌లో ఉన్న తల్లుల పేర్లు నా ఫారాల్లో ఎక్కడా లేవు. అంతకుముందు ఏడాది ఇళ్ళ జాబితా రాసినప్పుడు అలాంటి తల్లి పంపిన డబ్బుతో వేసిన శ్లాబు లెక్కకొచ్చింది, టీవీ లెక్కకొచ్చింది, మోటారు సైకిలు లెక్కకొచ్చింది. ఆవిడ మాత్రం రాలేదు.

ఒక ఇంట్లో తండ్రిని "ఎంతమంది?" అంటే "నలుగురం" అన్నాడు. మూడో తరగతి పిల్ల పక్కనే ఉంది. "అయిదుగురం" అని సరిదిద్దింది. ఇద్దరూ నిజమే చెప్పారు: తండ్రిది పొయ్యి లెక్క, పిల్లది కుటుంబం లెక్క. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ చెప్పింది, మనకి రాత్రి పదిన్నర అయితే అక్కడ ఎనిమిదట, ఆ టైముకి ఫోనొస్తుంది. ఏ బడిలో చేర్చాలి, చీటీ ఎవరి దగ్గర వెయ్యాలి, మేనమామ పెళ్ళికి ఎంత చదివించాలి, అన్నీ ఆ ఫోన్లోనే తేలతాయి. మరి ఆ ఇంటికి పెద్ద ఎవరు? జనగణనలో ఇంటివాళ్ళు ఎవర్ని పెద్ద అంటే వాళ్ళే పెద్ద. ఫారంలో తండ్రి పేరు రాశాను. ఇప్పటికీ ఆ గడి గుర్తొస్తే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

మీ రెండో ఇంటిని నేనైతే ఇలా రాస్తాను: ఒక కుటుంబం, మూడు పొయ్యిలు. అమ్మమ్మ, పిల్లలది ఒకటి. చెరువు గట్టు మీద పాకలో తండ్రి ఒక్కడు వండుకునేది ఒకటి. మూడోది కువైట్‌లో, అది ఆ తల్లి వండే పొయ్యే కానీ ఆవిడది కాదు. పక్కన ఇంకోటి కూడా రాసుకోండి: పిల్లలు నాయనమ్మ దగ్గర కాకుండా అమ్మమ్మ దగ్గర ఎందుకున్నారు? నేను చూసిన ఇలాంటి ఇళ్ళలో ఎక్కువ చోట్ల ఇదే. డబ్బు పంపేది కూతురు, కాబట్టి ఖాతా తల్లి పేరు మీద. "అత్తగారికి పంపితే లెక్క అడగలేను కదండీ" అని ఒకావిడ నాతో నవ్వుతూ అంది. పెళ్ళయ్యాక కాపురం తండ్రి తరఫునే ఉంటుందని మీ పాఠంలో ఉన్న సూత్రం ఈ ఊళ్ళలో అంత గట్టిగా పనిచెయ్యదు. దయచేసి ఈ ఇంటిని 'విచ్ఛిన్న కుటుంబం' అని రాయకండి. ఆ మాట కొన్ని పుస్తకాల్లో ఉంది, ఉన్నా వద్దు. ఆ ఇల్లు నిలబెట్టడానికే ఆవిడ వెళ్ళింది.

తల్లి తరఫు ఎందుకింత బలం అంటే మేనరికాలు కూడా ఒక కారణం. ఉత్తరాదిలో పిల్లని ముక్కూ మొహం తెలియని ఊరికిస్తారు, మన దగ్గర అత్తగారు మేనత్తే కావచ్చు. 1955 హిందూ వివాహ చట్టం దగ్గరి బంధుత్వాల్లో పెళ్ళిళ్ళు వద్దంటూనే ఆచారం ఉంటే ఒప్పుకుంది. వియ్యాలవాళ్ళు ముందే చుట్టాలైనప్పుడు ఏ ముసలావిడ ఏ ఇంట్లో ఉన్నా వింతగా ఉండదు. నా క్లాసుల్లో చూస్తే మేనరికాలు బాగా తగ్గాయి. కానీ అవి పెట్టిన దారి ఇంకా ఉంది.

ఇల్లరికం కూడా ఇక్కడే చెప్పాలి. కొడుకులు లేనివాళ్ళు అల్లుణ్ణి తెచ్చుకుని కొడుకులా వాటా ఇచ్చే 'ఇల్లటం' ఆచారాన్ని మద్రాసు హైకోర్టు ఏనాడో గుర్తించింది. కమ్మ, రెడ్డి కుటుంబాల్లో ఎక్కువ. ఇల్లటం వచ్చినవాడికి కన్నవాళ్ళ ఆస్తిలో హక్కు పోదు, దత్తతకీ దీనికీ అదే తేడా. ఇల్లరికపుటల్లుడంటే ఒకప్పుడు ఊళ్ళో చిన్నచూపు. ఇప్పుడు ఒక్క కూతురున్న ఇళ్ళు ఎన్నో. అల్లుడు అక్కడే ఉంటాడు, అత్తమామల ఆసుపత్రి పనులు చూస్తాడు, చేను కౌలుకిచ్చేదీ ఆయనే. కానీ అడిగి చూడండి, 'ఇల్లరికం' అనరు. "పిల్లల చదువుల కోసం ఇక్కడుంటున్నామండి" అంటారు. అందుకే మీ ఫారంలో ఇంటి రకం పేరు వాళ్ళ చేత చెప్పించుకోకండి. ఎవరెవరు ఉన్నారో రాసుకుని పేరు మీరు పెట్టుకోండి.

ఆస్తి లెక్క అడిగేటప్పుడు ఆడపిల్లల వాటా మర్చిపోకండి. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి హక్కు 1985 సవరణతోనే వచ్చింది, కాకపోతే అప్పటికి పెళ్ళి కాని వాళ్ళకే. దేశమంతటికీ 2005లో. ఆ తర్వాత 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని స్పష్టం చేసింది. అయినా మా వైపు పంపకాలప్పుడు "పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చాం కదమ్మా" అని సంతకం పెట్టించుకోవడం చూస్తూనే ఉన్నాను. ఆ సంతకం పెట్టిన ఆడపడుచుకి పుట్టింట్లో పండక్కి చీర ఖాయం. పెట్టనన్నవాళ్ళ సంగతి మీకు ఊళ్ళో తెలిసే ఉంటుంది. దీన్ని ప్రశ్నగా అడిగితే ఎవరూ చెప్పరు. కాసేపు కూర్చుంటే వాళ్ళే చెప్తారు.

కొన్ని ఇళ్ళ గురించి మీరు అడగలేదు కానీ 50లో తగిలే ఉంటాయి. చిన్నిల్లు ఒకటి. ఊరందరికీ తెలుసు, ఏ కాగితంలోనూ ఉండదు. మీరు వెళ్ళి 'ఇంటి పెద్ద ఎవరు' అంటే ఆవిడ తన పేరే చెప్తుంది, అదే రాయండి, తవ్వకండి. పెళ్ళంటూ జరిగి ఉంటే, చట్టం దృష్టిలో అది చెల్లకపోయినా పిల్లలు మాత్రం చట్టబద్ధమైన సంతానమే, తండ్రి వాటాలో వాళ్ళకి భాగముందని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మారుమనువుతో కలిసిన ఇళ్ళు ఇంకొకటి: నీ పిల్లలు, నా పిల్లలు, మన పిల్లలు. ఇదేదో పట్నాల నుంచి కొత్తగా వచ్చిందనుకుంటారు. చాలా కులాల్లో మారుమనువు ముందునుంచీ ఉంది. అది లేని కులాల్లో వితంతువులకి మళ్ళీ పెళ్ళి కోసం వీరేశలింగం గారు పోరాడి, రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న మొదటి పెళ్ళి చేయించారు. ట్రాన్స్‌జెండర్ల ఇల్లు తగిలితే అక్కడ గురువు, చేలా (శిష్యురాలు) అన్న వరసలే బంధుత్వం. వాళ్ళు చెప్పిన మాటే రాయండి, మీరు 'స్నేహితులు' అని మార్చకండి.

క్యారేజీ ఇళ్ళు అని నేను పేరు పెట్టుకున్నవి ఉన్నాయి. ముసలివాళ్ళు పాత ఇంట్లో, కొడుకు పక్క వీధిలో, రెండు పూటలా కోడలు క్యారేజీ పంపిస్తుంది. పొయ్యి ఒకటి, కప్పులు రెండు. ఒకే ఆవరణలో అయితే ఒకటిగా, వీధి దాటితే రెండుగా రాసి పక్కన 'క్యారేజీ' అని గుర్తు పెడతాను. ఇంకా మా టౌన్లలో కర్రీ పాయింట్లు వచ్చాక ముసలి దంపతులు ఇంట్లో కుక్కర్లో అన్నం మాత్రమే పెట్టుకుంటున్నారు. పొయ్యి సూత్రానికి అదో పరీక్ష. ఇక్కడ నా దగ్గరా ఖాయమైన జవాబు లేదు, అన్నం ఎక్కడ ఉడికితే అక్కడ అని రాసుకుంటున్నాను.

ఒక జాగ్రత్త. రేషన్ కార్డుతో మొదలుపెట్టకండి. బియ్యం కార్డు, పింఛను, పథకాలు అన్నీ ఎవరు ఏ కుటుంబంలో నమోదయ్యారన్న దాని మీద ఆధారపడతాయి. ఇంట్లో ఒకరికి కారున్నా, ప్రభుత్వోద్యోగం ఉన్నా, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటినా ఆ కార్డులో ఉన్నవాళ్ళందరికీ ఇబ్బంది. అందుకని కాగితం మీద వేరుపడి కుండ దగ్గర కలిసి ఉన్నవాళ్ళు చాలామంది. తిట్టడానికి లేదు, ఆ నియమమే వాళ్ళని అలా వేరు చేసింది. మీరు ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడితే సచివాలయం నుంచి వచ్చారనుకుని కాగితం మీది జవాబే చెప్తారు. "కాలేజీ నుంచి వచ్చానండి, పేర్లు రాసుకోను" అని ముందే చెప్పండి. నిజంగానే రాసుకోకండి, ఇంటికి నంబరు వేసుకోండి.

అడగాల్సిన ప్రశ్నలు పెద్దవి కానక్కర్లేదు. నిన్న రాత్రి ఈ పొయ్యి మీద వండింది ఎవరెవరు తిన్నారు? గ్యాస్ బండకి డబ్బు ఎవరిచ్చారు? సార్వా (తొలకరి పంట) ధాన్యం డబ్బు ఎవరి చేతికొచ్చింది, దాళ్వాకి (రెండో పంటకి) పెట్టుబడి ఎవరు పెట్టారు? ఊళ్ళో లేకుండా ఈ ఇంటికి డబ్బు పంపేవాళ్ళెవరు? సంక్రాంతికి ఎవరెవరికి బట్టలు కొన్నారు? ఈ ఆఖరి ప్రశ్న ఉత్తుత్తిగా కనిపిస్తుంది కానీ కుటుంబం ఎంతవరకో చెప్పడంలో దానికి మించింది నాకు దొరకలేదు.

ఇక గడులు. పాలిన్ కొలెండా అనే ఆంత్రోపాలజిస్టు మన దేశపు ఇళ్ళని డజను రకాలుగా విడగొట్టారు. మీకు అన్ని అక్కర్లేదు. ఒంటరివాళ్ళు; దంపతులు, పిల్లలున్నా లేకున్నా; తల్లి లేదా తండ్రి ఒక్కరే పిల్లలతో; దంపతులకి తోడు ఒక ముసలివాళ్ళో చుట్టమో ఉన్నది; తల్లిదండ్రులు, పెళ్ళయిన ఒక కొడుకు లేదా కూతురు కాపురం; ఇద్దరు ముగ్గురు అన్నదమ్ముల కాపురాలు; తల్లిదండ్రుల తరం లేకుండా అమ్మమ్మ, తాతల దగ్గర పిల్లలు; దంపతులే లేని అక్కచెల్లెళ్ళు, అన్నాచెల్లెళ్ళు వగైరా. ఈ ఎనిమిదీ పొయ్యి లెక్కకి. పక్కన సంబంధాల లెక్కకి నాలుగు చిన్న గడులు: ఆస్తి, డబ్బు, నిర్ణయం, పండగ. ఒక్కోదాంట్లో ఈ ఇల్లు ఇంకెవరితో కలిసి ఉందో రాయండి. మీ 19 ఇళ్ళూ ఇమిడిపోతాయి. ఒక్కటే మాట, 50 ఇళ్ళకి శాతాలు వెయ్యకండి. 'రెండు ఇళ్ళు' అనడానికి '4 శాతం' అంటే వినడానికి గొప్పగా ఉంటుంది తప్ప అందులో సంగతేమీ పెరగదు.

మీ అన్నదమ్ముల ఇంటికి మాత్రం ఇంకోసారి వెళ్ళి రండి. చేను తల్లి పేరు మీద ఉందని రాశారు, అంటే ఆవిడ ఉంది. కింద అన్నది ఒక పొయ్యి, పైన తమ్ముడిది ఒకటి. ఆవిడ ఏ పొయ్యి దగ్గర తింటోందో మీరు రాయలేదు.